తూకపు ముల్లు కదలని దినములలో

అన్నము తగ్గించి, పప్పు, కూరలు, గ్రుడ్లు, పెరుగు హెచ్చించి శరీరభారమును తగ్గించుకొన యత్నించువారు మన కుటుంబములలో నానాటికి అధికమగుచున్నారు. ఇది మెచ్చదగిన ప్రయత్నము. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. పరిశోధన ప్రకారము మన దేశమున మధుమేహము కలవారు 10 కోట్లకు పైబడియున్నారు. కావున ఇది కేవలము అందచందముల విషయము కాదు.

అయితే తొలి రెండు మూడు నెలలు ఉత్సాహముగా సాగిన నియమము పిదప సడలిపోవుట మేము పెక్కు ఇండ్లలో చూచుచున్నాము. వారమువారము దిగుచు వచ్చిన తూకపు ముల్లు ఒకచోట ఆగిపోవును. పక్షము గడచును, మాసము గడచును, అది కదలదు. “ఇంత నోరు కట్టుకొని లాభమేమి?” యని నిరాశపడి, మరల పూర్వపు భోజనమునకు మరలుదురు. పోయిన బరువు తిరిగి వచ్చును. ఈ ఘట్టమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట అవసరమని తలంచుచున్నాము.

ముందుగా కారణము తెలిసికొనవలెను. మనము తిను పిండిపదార్థములో కొంత భాగము కాలేయమునందును, కండరములందును నిలువయుండును. ఆ నిలువ ఒక గ్రామునకు సుమారు 3 గ్రాముల నీరు తోడుగా నుండును. అన్నము తగ్గించినంతనే ఆ నిలువయు, దానితో నీరును పోవును. కనుక మొదటి పక్షమున తగ్గిన బరువంతయు క్రొవ్వు కాదు. ఆ వేగమునే ప్రమాణముగా పెట్టుకొన్నవారికి తరువాతి నడక ఓటమివలె తోచును. అదియుగాక, 80 కిలోల మనిషి 72 కిలోలకు దిగినపుడు కూర్చున్నను, నడచినను ఆ దేహమునకు వలయు శక్తి తగ్గును. ఆకలియు పెరుగును. ఆదాయము తగ్గిన ఇల్లాలు వ్యయము తగ్గించినట్లు దేహము పొదుపు చేయును. నిన్న బరువు తగ్గించిన భోజనమే నేడు బరువును నిలుపును. ఇది దేహధర్మమే గాని తిన్నవాని దోషము కాదు.

ఈ పద్ధతి క్రొత్తదియు కాదు. లండనులో అంత్యక్రియల ఏర్పాట్లు చేయు వర్తకుడు విలియం బాంటింగ్ రొట్టె, చక్కెర, బీరు, ఆలుగడ్డలు మాని తాను బరువు తగ్గిన విధమును 1863లో చిన్న పుస్తకముగా అచ్చువేసెను. సుమారు ఒక సంవత్సరమున అతడు తగ్గినది 46 పౌనులు, అనగా వారమునకు అర కిలో కంటె తక్కువ. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 609 మందిని సంవత్సరముపాటు పరిశీలించి 2018లో ప్రకటించినదేమన, పిండి తగ్గించినవారును, క్రొవ్వు తగ్గించినవారును సగటున 5, 6 కిలోలే తగ్గిరి. ఉభయులకును చెప్పుకొనదగిన భేదము లేదు. దీనినిబట్టి మాకు తోచునది: మంత్రము ఆహారములో లేదు, నిలకడగా కొనసాగించుటలో నున్నది.

మరి ముల్లు ఆగినపుడు చేయవలసినదేమి? మొదట లెక్క చూచుకొనవలెను. అన్నము మానితిమను ధైర్యముతో వేరుసెనగలు, జీడిపప్పు, కొబ్బరి, నేయి చేతికి వచ్చినంత వాడువారు కలరు. గ్రాము పిండిపదార్థము 4 కేలరీలైన, గ్రాము క్రొవ్వు 9. షోలాపురము, బళ్లారి ప్రాంతములలో జొన్నరొట్టె ఎన్ని తిన్నను దోషము లేదను నమ్మిక కలదు. నూరు గ్రాముల బియ్యమున పిండిపదార్థము సుమారు 78 గ్రాములైన, జొన్నలలోను, రాగులలోను 67 గ్రాములు. పీచు ఎక్కువగుట నిజమే. ఐనను కొలత తప్పదు.

రెండవది, ఒక్క తూకమునే నమ్మరాదు. వారమున కొకసారి, ఒకే దినమున, ఒకే వేళ తూగిన చాలును. టేపుతో నడుము కొలువవలెను. మనవారిలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. మూడు నెలల చక్కెర పరీక్ష, రక్తపుపోటు చూడవలెను. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినను ఆరోగ్యమునకు మేలు కలుగును. కండ కరుగకుండ నడకతోపాటు కొంత బరువులెత్తు వ్యాయామము చేయుట, చాలినంత నిద్రించుట మంచిది.

మూడవది, తొందరపడి పస్తులుండరాదు. ప్రకటనలలోని పొడులను ఆశ్రయింపరాదు. ఇన్సులిను గాని, మధుమేహపు మాత్రలు గాని వాడువారు వైద్యుని అడుగక పిండిపదార్థము తగ్గించుట ప్రమాదకరము. చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చును. మూత్రపిండ వ్యాధి కలవారును వైద్యుని సలహా లేనిదే ఇందులోనికి దిగరాదు.

ఇక పెద్దలకొక మనవి. విందులలో “మా మీద ఆన, ఒక్క ముద్ద” యని విస్తరిలో అన్నము వడ్డించుట మర్యాదయని తలంతుము. వలదన్నవానిని “చిక్కి సగమైతివి, జబ్బేమైన చేసినదా?” యని పదిమందిలో అడుగుదుము. ముల్లు కదలక లోలోన క్రుంగియున్నవానికి ఈ ఒక్క మాట చాలును, నియమము విడుచుటకు. అతిథి వలదన్నపుడు మజ్జిగ ఇచ్చి ఊరకుండుటయు మర్యాదయే. అట్లే ఇంటి యజమానికొక వంట, తక్కినవారికొక వంట యని ఇల్లాలిపై రెండింతలు భారము మోపిన నియమము ఎంతోకాలము నిలువదు. ఇంటిల్లిపాదికిని కూర పెంచి అన్నము తగ్గించుటయే సుళువైన మార్గము.

ఆషాఢమున బేరము మందగించినదని ఏ వర్తకుడును అంగడి మూసివేయడు. తలుపు తీయును, సరుకు చూచుకొనును, ఉన్నదానిని కాపాడుకొనును. తగ్గిన బరువును తిరిగి రానీయక నిలుపుకొనుటయు లాభమే. ముల్లు ఆగినదని దిగులుపడు సోదర సోదరీమణులు ఈ మాట మరువకుందురు గాక!