గాస్కెట్టూ, కార్యకారణ విచారమూ

పాత కారుకు హెడ్ గాస్కెట్ పోయిందనగానే "తుక్కుకు అమ్మేయండి మాస్టారూ" అంటారు. 2014లో తయారీ నిలిచిపోయిన మారుతి 800 అయితే మరీను. తార్నాకలో మా ఇంటి ముందు అటువంటి బండినే స్వయంగా విప్పి బిగించుకున్నవాణ్ణి గనుక, ఆ సలహాతో నాకు పేచీ ఉంది.

ఇంజను బ్లాకుకూ, పైనుండే హెడ్డుకూ నడుమ ఉండే పలుచని పొర గాస్కెట్. మంట, నీరు, నూనె ఒకదానితో ఒకటి కలవకుండా కాచేది అదే. అది చిట్లితే రేడియేటరులో నీరు తరుగుతుంది, తెల్లని పొగ వస్తుంది, నీరు కలిసిన ఇంజనాయిలు పాలు పోసిన తేనీరులా మారుతుంది.

పొర మార్చినంతనే పని ముగియదు. చిట్లడం కార్యమే గాని కారణం కాదు. రేడియేటరు పూడిందా, ఫ్యాను తిరుగుతోందా, నీటి పంపు సరిగా ఉందా అని విచారించాలి. వేడికి అల్యూమినియం హెడ్డు వంగితే లేతు షాపులో చదును చేయించాలి. బోల్టులను నడిమినుండి అంచులకు, విడతలు విడతలుగా, టార్క్ రెంచితో నిర్ణీతమైన కొలతకు బిగించాలి. సూత్రక్రమం తప్పితే వ్యాకరణంలో రూపం చెడినట్లే, ఇక్కడ క్రమం తప్పితే కొత్త పొరా చెడుతుంది.

ఇది విద్య కాదా? మా పొరుగున 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆనాడు శాస్త్రాలను సైతం ఉర్దూలో బోధించింది. దేశభాషకు ఏ విద్యా బరువు కాదని అప్పుడే తేలింది. మరి మెకానిక్కుల నోట నిత్యం మెలిగే ఈ జ్ఞానాన్ని మనం తెలుగులో ఎందుకు రాసిపెట్టుకోకూడదు? బండి తుక్కయితే నష్టం కొద్దిపాటిదే. చేతిలోని విద్య అక్షరానికి ఎక్కకుండా పోతే, దాన్ని ఏ దుకాణంలో కొనితెచ్చుకోగలం?