నాగలికి తగిలిన నాణెం కుంపటికేనా?

ఆగిరిపల్లి: రెండువేల ఏళ్లనాడు కృష్ణాతీరపు సన్నబట్టలు ఓడలెక్కేవి, రోమన్ నాణేలు ఇటు వచ్చేవి. గ్రీకు పండితుడు టాలెమీ పేర్కొన్న రేవు మన ఘంటసాలేనని చరిత్రకారులంటారు. నాగార్జునకొండలో రోమన్ చక్రవర్తుల బంగారు నాణేలు బయటపడ్డాయి కూడా.

అటువంటిదే మామిడితోటలో పాదు తీసే కూలీకి దొరికితే? తెల్లవారేసరికి కంసాలి కుంపట్లో ఉంటుంది. తులమైనా తూగని బంగారం మిగులుతుంది. ఏ రాజు బొమ్మో, ఏ ఊరి మట్టిదో ఇక ఎవరికీ తెలియదు.

చెబితే సర్కారు ఊరికే పట్టుకుపోతుందని జనం భయం. 1878 నాటి నిధుల చట్టం అలా అనలేదు. పది రూపాయలకు మించినది దొరికితే కలెక్టరుకు తెలపాలి, దాచితే శిక్ష. హక్కుదారు లేని నిధిలో, వేరే ఒప్పందం లేకుంటే, దొరికినవానికి ముప్పాతిక, భూస్వామికి పాతిక. సర్కారు తీసుకుంటే లోహం విలువకు అయిదోవంతు కలిపి ఇవ్వాలి. కూలీకి ముప్పాతిక అన్న సంగతి రెవెన్యూవారు ఊరూరా టముకు వేయించవద్దా?