ఇంటి సర్వరు మొత్తుకుంటే విన్నదెవరు?

మొన్న పండక్కి పెద్దారవీడు వెళ్ళాను. మొహం కడుక్కునే లోపే నాన్న మొదలెట్టాడు, "ఏందిరా అబ్బాయా, అక్క పెళ్ళి ఫోటోలు తెరుచుకోవట్లా" అని. మా ఇంట్లో ఓ పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ వేసి ఫోటోలూ, పొలం పాసుపుస్తకాల స్కాన్లూ అందులో పెట్టి, "మనదే సర్వరుండగా క్లౌడెందుకు నాన్నా" అని కోతలు కోసింది నేనే మరి.

డిస్కు పోతోంది. సరే, డిస్కులు పోతాయి. ఒళ్ళు మండిందెక్కడంటే, స్మార్ట్‌డీ ఆ సంగతి మూడు వారాల కిందటే కనిపెట్టి రూట్‌కి మెయిల్ రాసింది. కొన్ని సెట్టింగుల్లో అది ఒక్కో రకం సమస్యకి ఒక్కసారే రాస్తుంది. ఆ ఒక్కటీ నాకు చేరలేదు.

మెయిల్ లాగ్ తెరిస్తే అసలు కథ తెలిసింది. ఆమధ్య మిషను పేరు మార్చాను. మెయిల్‌నేమ్ ఫైల్లో కొత్త పేరు రాశాను గానీ, పోస్ట్‌ఫిక్స్ మెయిన్.సీఎఫ్‌లో 'మైడెస్టినేషన్' వరసలో పాతపేరే ఉండిపోయింది. దాంతో పోస్ట్‌ఫిక్స్ తన సొంత మిషన్నే పరాయి ఊరనుకుని డీఎన్ఎస్‌ని అడిగింది. పక్కింటికి కూరగిన్నె ఇవ్వడానికి మార్కాపురం బస్సెక్కినట్టన్నమాట. నేను పెట్టుకున్న పేరు డీఎన్ఎస్‌కేం తెలుసు? మెయిల్ బౌన్సయింది. ఆ బౌన్సు వెళ్ళాల్సిందీ అదే రూట్‌కి, కాబట్టి అదీ పోయింది. ఇక పోస్ట్‌ఫిక్స్ నోరు మూసుకుంది.

పేరు చేర్చి, రీలోడ్ చేసి, నాకు నేనే ఓ మెయిల్ పంపుకున్నాను. లాగ్‌లో 'సెంట్' అని వచ్చింది, థండర్‌బర్డ్‌లో మాత్రం ఖాళీ! అరగంట జుట్టు పీక్కున్నాక ఆ లైన్ చివర బ్రాకెట్లో చూశాను: 'డెలివర్డ్ టు మెయిల్‌బాక్స్'. డవ్‌కాట్ చదివేదేమో మెయిల్‌డిర్. ఒకడు గడప దగ్గర పెట్టిపోతే ఇంకొకడు దొడ్డివాకిట్లో వెతుకుతున్నాడు. 'హోమ్_మెయిల్‌బాక్స్'లో మెయిల్‌డిర్ అని రాసి చివర స్లాష్ పెట్టాలి. ఆ స్లాష్ లేకపోతే అదే పేరుతో మామూలు ఫైలనుకుంటుంది. తర్వాత అలియాసెస్‌లో రూట్‌ని నా పేరుకి తిప్పి, న్యూఅలియాసెస్ కొట్టాను. అప్పుడొచ్చింది.

"జీమెయిల్‌కే పంపుకోవచ్చుగా" అని మా కొలీగ్ సలహా. ఇంటి కనెక్షన్లలో చాలావాటికి పోర్టు 25 మూసేసి ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఎవరు పంపినా ఎస్‌పీఎఫ్ గానీ డీకేఐఎమ్ గానీ ఉండాలంటోంది. రిలే పెట్టుకుంటే కుదురుతుంది, కాదనను. కానీ గాలివానకి నెట్ పోయినా ఇంట్లో మాట ఇంట్లో చేరాలి కదా? లోకల్ డెలివరీకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే ముందు అది సరిగ్గా ఉండాలని నా వాదన.

తప్పు పోస్ట్‌ఫిక్స్‌ది కాదు. ఆఫీసు సర్వర్లకి అలర్టు పెడితే అది మోగుతుందో లేదో పరీక్షించకుండా ఎవరం సంతకం పెట్టం. ఇంటి సర్వర్‌కి ఒక్కసారి కూడా నేనాపని చెయ్యలేదు. స్మార్ట్‌డీకి '-ఎమ్ టెస్ట్' అని ఓ లైన్ రాస్తే, మొదలవగానే పరీక్ష మెయిల్ పంపుతుంది. రెండు నిమిషాల పని, అంతే.

పాసుపుస్తకాల స్కాన్లు దక్కాయి. అక్క అప్పగింతల ఫోటోలే నలభై దాకా రాలేదు. బావ పాత పెన్‌డ్రైవులు వెతుకుతున్నాడు. నాన్న ఇంకా ఏమీ అనలేదు.