దారి స్నేహం తక్కువదా?

‘రైలు పరిచయం’ అని మనవాళ్లు ఒక మాట అంటూ ఉంటారు. స్టేషను వచ్చేదాకా బోలెడన్ని కబుర్లు, వచ్చాక ఎవరి పెట్టె వారిది. అలాంటి స్నేహానికి విలువ లేదని ఆ మాటకు తాత్పర్యం. నేను మాత్రం దీనితో ఏకీభవించలేకపోతున్నాను. ఒకే గదిలో మూడేళ్లు మంచాలు పక్కపక్కన వేసుకుని మనం సంపాదించుకునే స్నేహాలకంటే, దారిలో కలిసే స్నేహాలు కొన్ని ఎక్కువ నిజాయితీ గలవని నా అభిప్రాయం. ఇందుకు సాక్ష్యంగా నేను తెస్తున్నది మన రైలును కాదు. ఇంటిని చక్రాలమీద పెట్టుకుని యూరప్ నుంచి మన దేశందాకా వచ్చిన వ్యానువాళ్ల కథను.

ముందే ఒప్పుకుంటాను. నాకు పాస్‌పోర్టు లేదు. నేను చేసిన దూరప్రయాణం ఎర్రబస్సులో మా ఊరినుంచి ఈ కాలేజీకి. లైబ్రరీలో రికార్డు రాసుకుంటూ, విసుగు పుట్టినప్పుడల్లా పాత పత్రికలు తిరగేస్తూ పోగుచేసుకున్న సంగతులివి. వ్యాను లేనివాడికి వ్యాను గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. దానికి జవాబు చివర చెబుతాను.

1950ల చివరినుంచి 1979 దాకా యూరప్, ఆసియాల మధ్య ఒక రోడ్డు మార్గం యువకులతో కళకళలాడింది. లండన్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో బయలుదేరితే ఇస్తాంబుల్, టెహరాన్, మషద్, హెరాత్, కాందహార్, కాబూల్. తర్వాత ఖైబర్ కనుమ దాటి పెషావర్, లాహోర్, ఢిల్లీ. అక్కడనుంచి కొందరు ఖాట్మండుకు, కొందరు గోవాకు. 1957లో ఇండియామన్ అనే బస్సు లండన్‌నుంచి కలకత్తాకు ప్రయాణికులను తీసుకువచ్చింది. 1972లో టోనీ వీలర్, మౌరీన్ వీలర్ అనే కొత్త దంపతులు ఒక పాత మినీవ్యానులో లండన్‌నుంచి కాబూల్ చేరి, దాన్ని అక్కడే అమ్మేసి, దొరికిన బండల్లా ఎక్కి ఆస్ట్రేలియా చేరారు. సిడ్నీలో దిగేసరికి ఇద్దరిదగ్గరా కలిపి 27 సెంట్లు మిగిలాయట! మరుసటి ఏడు వాళ్లు వేసిన చిన్న పుస్తకమే ‘లోన్లీ ప్లానెట్’ సంస్థకు పునాది.

ఈ దారిలో అందరూ గుర్తుపెట్టుకున్న బండి జర్మనీవారి ఫోక్స్‌వాగన్ వ్యాను. 1947లో బెన్ పాన్ అనే డచ్చి వ్యాపారి ఒక చిన్న బొమ్మ గీస్తే, 1950 మార్చినుంచి ఆ బండి ఫ్యాక్టరీలో తయారైంది. 1951నుంచి వెస్ట్‌ఫాలియా కంపెనీ దాని లోపల పడకా, బీరువా అమర్చి ఇవ్వసాగింది. మొదటి ఇంజను బలం 25 అశ్వశక్తి మాత్రమే. అంటే మా ఊళ్లో తిరిగే చిన్న ట్రాక్టరుపాటి! అంత బలంతో అంత ఇంటిని లాక్కుంటూ కొండలూ ఎడారులూ దాటారంటే, వేగంగా పోవాలన్న దురద వాళ్లకు లేదన్నమాట. నిదానంగా పోయేవాడికే పక్కవాడి మొహం కనిపిస్తుంది.

సైన్సు విద్యార్థిని గనుక ఇంజను గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. ఈ ఇంజను బండి వెనకభాగంలో ఉంటుంది. దీనికి రేడియేటరు లేదు, నీళ్లు పొయ్యనక్కరలేదు. ఒక ఫ్యాను విసిరే గాలే దీన్ని చల్లబరుస్తుంది. ఆ ఫ్యాను డైనమో ఇరుసుకే బిగించి ఉంటుంది. రెండింటినీ తిప్పేది ఒకే ఒక్క బెల్టు. బెల్టు తెగిందంటే డైనమో ఆగుతుంది, స్టీరింగు ముందు ఎర్రదీపం వెలుగుతుంది. అది చూసి కూడా ‘ఇంకో పది మైళ్లు పోదాంలే’ అనుకున్నవాడి ఇంజను మాడిపోయిందే. ఆగాలి, మరో బెల్టు వెయ్యాలి. తనదగ్గర బెల్టు లేకపోతే? చెయ్యి చాచి నిలబడాలి. అటుగా అదే రకం బండిలో వచ్చేవాడిదగ్గర అదే బెల్టు ఉంటుంది. వాడు జర్మనువాడు కావచ్చు, ఆస్ట్రేలియావాడు కావచ్చు, భాష కలవకపోవచ్చు. బెల్టు మాత్రం కలుస్తుంది!

నా దృష్టిలో వ్యానువాళ్ల స్నేహానికి మూలసూత్రం ఇదే. ఒకే బండి, ఒకే జబ్బు, ఒకే మందు. 1969లో జాన్ మ్యూర్ అనే అమెరికన్ ఇంజనీరు ఫోక్స్‌వాగన్ బండ్లను ఎవరికి వారే బాగుచేసుకునే విధానం చెబుతూ ఒక పుస్తకం రాశాడు. మెకానిక్కు షెడ్డు మొహం చూడనివాడికి కూడా అర్థమయ్యేలా, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు రాయడంవల్ల అది లక్షల్లో అమ్ముడుపోయింది. తన బండి తానే విప్పుకోవడం నేర్చినవాడు ఎదుటివాడి బండి కిందకూ దూరుతాడు. బండి కింద ఇద్దరు పక్కపక్కన వెల్లకిలా పడుకుని, మొహాలమీద నూనె కార్చుకుంటూ గంటసేపు గడిపితే, ఆ పరిచయానికి మరో సిఫారసు ఉత్తరం అక్కర్లేదు.

ఇక ఇస్తాంబుల్ సంగతి. సుల్తానహ్మెత్ ప్రాంతంలో 1957లో ఇద్దరు అన్నదమ్ములు ‘లాలే’ అనే హోటలు తెరిచారు. అక్కడ దొరికే పాలతీపి తినడానికి ఎగబడ్డ విదేశీయులు దానికి ‘పుడ్డింగు షాపు’ అని పేరు పెట్టేశారు. దాని గోడమీద ఒక నోటీసు బోర్డు ఉండేది. తూర్పుకు పోయే వ్యానులో చోటు కావాలనేవాళ్లు, పెట్రోలు ఖర్చు పంచుకునే తోడు కావాలనేవాళ్లు, వెనక వస్తున్న నేస్తానికి కబురు వదిలేవాళ్లు అక్కడ చీటీలు గుచ్చి పోయేవారు. తూర్పునుంచి తిరిగి వచ్చేవాళ్లు అక్కడే కూర్చుని, ఎక్కడ రోడ్డు పాడైందో, ఏ సరిహద్దులో ఎంతసేపు ఆపుతారో కొత్తవాళ్లకు చెప్పేవారు. ఇంతకుముందు చూడని మనిషి మాట నమ్మి వేల మైళ్లు ప్రయాణం చేశారంటే, దాన్ని ఏమంటారు మీరు? నేను విశ్వాసం అంటాను.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ‘ఇదంతా అవసరానికి కలిసిన స్నేహమే కదయ్యా? బెల్టు దొరికాక ఎవరి దారి వారిది కదా?’ అని. అవును, అవసరమే. అవసరం అంత సిగ్గుపడవలసిన విషయమని ఎవరన్నారు? నేను వ్యవసాయం ఇంట పుట్టినవాణ్ని. ఇవాళ మా చేలో నాట్లకు వాళ్లొస్తే, రేపు వాళ్ల చేలో నాట్లకు మా అమ్మ వెళుతుంది. వానాకాలంలో బండి బురదలో దిగబడితే వెనక వచ్చే బండివాడు దిగి, చక్రానికి భుజం పెట్టవలసిందే. వాడి బండి దాటాలన్నా మన బండి కదలాలి మరి! దీన్ని మావాళ్లెవరూ స్వార్థం అనరు. అవసరం లేనిచోట చేసే స్నేహం ఒక్కోసారి ఉత్త కాలక్షేపమే అవుతుంది. అవసరంలో చేసిన స్నేహానికి కనీసం ఒక పరీక్ష జరిగిపోయి ఉంటుంది.

రెండవ ఆక్షేపణ ఇంతకంటే గట్టిది. దానికి నా దగ్గర అంత తేలిక జవాబు లేదు. ఆ వ్యానువాళ్లు ఎవరితో స్నేహం చేశారు? చాలావరకు తోటి వ్యానువాళ్లతోనే. పడకా, పొయ్యీ, సామానూ బండిలోనే ఉన్నవాడికి ఊళ్లోవాళ్ల గడప తొక్కే పనేముంది? కాబూల్‌లో ఉన్నా ఖాట్మండులో ఉన్నా సాయంత్రం అయ్యేసరికి తమ గుంపులో తాము చేరి, తమ పాటలు తాము పాడుకున్నవాళ్లు ఎందరో. మత్తుకోసమే వచ్చినవాళ్లూ లేకపోలేదు. 1973లో నేపాలు ప్రభుత్వం గంజాయి దుకాణాల లైసెన్సులు రద్దు చేయవలసి వచ్చింది. అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి. మ్యూనిక్‌నుంచి వచ్చిన కుర్రవాడు కాబూల్‌లో టీ తాగి, దుకాణదారు భుజంమీద చెయ్యి వేసి ‘నువ్వు నా స్నేహితుడివి’ అనవచ్చు. కాని ఆ దుకాణదారు కొడుకు ఒక వ్యాను కొనుక్కుని మ్యూనిక్ వెళ్లగలడా? డబ్బెక్కడిది, వీసా ఎవరిస్తారు? ఒకవైపునుంచే తెరుచుకునే తలుపును స్నేహం అనడం కొంచెం కష్టమే.

ఆ దారి మూసుకుపోయిన తీరు చూస్తే ఈ సంగతి మరింత బోధపడుతుంది. 1960లలో కాబూల్-కాందహార్ రోడ్డు అమెరికా వేసింది. కాందహార్-హెరాత్ రోడ్డు సోవియట్ రష్యా వేసింది. రెండు అగ్రరాజ్యాలు పోటీపడి వేసిన రోడ్డుమీద కుర్రకారు వ్యానులు తోలుకుంటూ పోయారు. 1979 ఫిబ్రవరిలో ఇరాన్‌లో విప్లవం గెలిచింది. అదే సంవత్సరం డిసెంబరులో సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్థాన్‌లో దిగాయి. అంతటితో వ్యానుల దారి తెగిపోయింది. వ్యానువాళ్లు ఇళ్లకు పోయి ఉద్యోగాల్లో చేరారు. వాళ్లకు టీ పోసిన ఆఫ్ఘన్లు లక్షలకొద్దీ శరణార్థులై పాకిస్థాన్, ఇరాన్ సరిహద్దుల్లో గుడారాల పాలయ్యారు. ఒకే రోడ్డుమీద ఒకరు సరదాకు పోయారు, మరొకరు ప్రాణభయంతో పోయారు.

మరి నా వాదం వీగిపోయినట్టేనా? నేను అలా అనుకోను. జాగ్రత్తగా చూడండి. వ్యాను బాగా నడిచినంతసేపూ ఆ పడుచువాడికి ఊరివాడు అక్కర్లేదు. వ్యాను ఆగిపోయిన రోజునే ఊళ్లో కమ్మరిదగ్గరకో, లారీ డ్రైవరుదగ్గరకో పోయి, సైగలతో మాట్లాడి, వాళ్లు పెట్టిన రొట్టె తిని, వాళ్ల అరుగుమీద నిద్రపోవలసి వస్తుంది. ఆ యాత్రికులు రాసుకున్న అనుభవాలు కొన్ని నేను చదివాను. చూసిన కట్టడాలను నాలుగు వాక్యాల్లో తేల్చేసినవాడు కూడా, బండి ఆగిపోయిన చోటు గురించి రెండు పేజీలు రాస్తాడు. నాకు తోచిన సత్యం ఏమిటంటే, మన ఇల్లు మనతోనే ఉంది, మనకెవరూ అక్కర్లేదు అనుకున్నంతకాలం మనకు దొరికేది గుంపు మాత్రమే. బెల్టు తెగిననాడు దొరికేవాడు స్నేహితుడు.

ఆ వ్యానులు ఇంకా పూర్తిగా పోలేదు. 2007లో జర్మనీలోని హానోవర్ పట్టణంలో ఆ బండి పుట్టుకకు 60 ఏళ్ల పండుగ చేస్తే వేలాది వ్యానులు వచ్చి చేరాయి. ఆ పాతరకం బండి తయారీ బ్రెజిల్‌లో 2013 చివరిదాకా సాగింది. ఈనాటికీ ఎదురుగా అదే రకం వ్యాను వస్తే తోలేవాళ్లు చెయ్యి ఊపుకోవడం ఆచారం. లోపల ఎవరున్నారో తెలియదు, ఏ దేశమో తెలియదు. అయినా చెయ్యి లేస్తుంది.

ఇక నేను మొదట్లో వాయిదా వేసిన జవాబు చెప్పాలి. మా హాస్టలు మెస్సులో బల్లలకు పేర్లు రాసి లేవు. కాని ఏ బల్ల ఎవరిదో చేరిన వారంలోపే అందరికీ తెలిసిపోతుంది. ‘ఏ ఊరు తమ్ముడూ? ఎవరి తాలూకు?’ అని అడుగుతారు. జవాబునుబట్టి బల్ల. గదులూ అంతే. చక్రాలు లేవుగాని మేమూ మా ఇళ్లు వెంట తెచ్చుకున్నవాళ్లమే. సెకండియర్‌లో నాకు పచ్చకామెర్లు వచ్చాయి. పదిహేను రోజులు మంచం దిగలేదు. మా బల్లవాళ్లు ఒకటి రెండుసార్లు వచ్చి పరామర్శించి పోయారు. పూటపూటా చప్పిడి గంజి మోసుకొచ్చినవాడు, నా కెమిస్ట్రీ రికార్డు రాసిపెట్టినవాడు అవతలి బల్లవాడు. లాబ్‌లో నా పక్క నంబరు వాడిది. అంతకుమించి చుట్టరికం లేదు. ఆ పదిహేను రోజుల్లో వాడు నన్ను ‘ఎవరి తాలూకు’ అని ఒక్కసారీ అడగలేదు.

లేచి తిరగడం మొదలుపెట్టాక నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ‘వాడితో నీకేం పనిరా?’ అని మావాళ్లన్నారు. నేను కంచం పట్టుకుని మళ్లీ మా బల్లకే పోయి కూర్చున్నాను. వాడు చూశాడు, ఏమీ అనలేదు. వారం రోజులు నాకు ముద్ద దిగలేదు. ఎనిమిదో రోజున కంచం తీసుకుని ఆ బల్లకు పోయాను. వాడు జరిగి చోటిచ్చాడు. ‘గంజి కాదుగా ఇవాళ?’ అన్నాడు, అంతే. మా బల్లలో ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు. అయినా నాకు నష్టం జరిగినట్టు తోచడం లేదు.

అందుచేత పెద్దలకూ, విద్యార్థి సంఘం మిత్రులకూ నా మనవి ఒకటే. వచ్చే సంవత్సరం హాస్టలు గదులను ఎవరికి నచ్చినవారితో వారు పంచుకునే పద్ధతి మానిపించి, చీటీలు తీసి కేటాయించమని వార్డెనుగారిని మనం కోరాలి. జిల్లా చూడకుండా, తాలూకు అడగకుండా ఎవరి పక్కన ఎవరు పడితే వారే. కొన్నాళ్లు ఇబ్బందిగానే ఉంటుంది, తగవులూ రావచ్చు. కాని ఈ మూడేళ్ల ప్రయాణంలో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు బెల్టు తెగక మానదు. అప్పుడు పక్కన ఉన్నవాడు ఎవరైనా సరే, ముందుగానే తెలిసినవాడై ఉంటే మేలు కదా!

— బి.యస్సీ. ఆఖరి సంవత్సరం విద్యార్థి