పాస్‌వర్డ్ అడగడం కంప్యూటర్ మొండితనం కాదు

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే రోజుల్లో మా ల్యాబ్‌లో ఒక పాత కంప్యూటర్ ఉండేది. స్పెక్ట్రోమీటర్ కొలతలన్నీ అందులోనే నమోదయ్యేవి. కొలతల ప్రోగ్రామ్ తెరిచినప్పుడల్లా అది అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగేది. విసుగెత్తిన సీనియర్లు చివరికి అందరూ అడ్మినిస్ట్రేటర్ ఖాతాలోనే పనిచేసేలా చేసి, దాని పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి మానిటర్‌కు అతికించారు. పని సాఫీగా సాగింది, ఒక పెన్‌డ్రైవ్ నుంచి వైరస్ ఎక్కేవరకు. పెన్‌డ్రైవ్ పెట్టినవారి ఫైళ్లతోపాటు అందరి ఫోల్డర్లూ పాడయ్యాయి. ఒక సెమిస్టర్ కొలతలు మళ్లీ తీసుకోవాల్సి వచ్చింది.

తప్పు వైరస్‌ది మాత్రమే కాదు. దానికి తాళాల గుత్తి మొత్తం అందించింది మేమే.

ప్రతి ప్రోగ్రామూ, ప్రతి వినియోగదారూ తమ పనికి అవసరమైనంత అధికారంతోనే నడవాలని జెరోమ్ సాల్ట్జర్, మైకేల్ ష్రోడర్ 1975లోనే ఒక పరిశోధన పత్రంలో రాశారు. హాస్టల్ వాచ్‌మన్‌కు గేటు తాళంచెవి చాలు, ఆఫీసు బీరువాది అక్కర్లేదు. ఈ సూత్రం కూడా అంతే.

విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఇళ్లలో చాలామంది రోజంతా అడ్మినిస్ట్రేటర్‌గానే పనిచేసేవారు. 2007లో వచ్చిన విస్టా ఈ అలవాటును మార్చే ప్రయత్నం చేసింది. మనం అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయినా, ప్రోగ్రాములు సాధారణ అధికారంతోనే మొదలవుతాయి. అంతకుమించి కావాలంటే అనుమతి అడుగుతాయి. అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో 'అవును', 'కాదు' అనే బటన్లు మాత్రమే కనిపిస్తాయి. సాధారణ ఖాతాలో అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కావాలి. అప్పుడు తెర మసకబారడం అలంకారం కోసం కాదు. ఆ ప్రశ్న విడి తెర మీద వస్తుంది. మామూలు ప్రోగ్రాములేవీ మన బదులు అక్కడ 'అవును' నొక్కలేవు.

మాటిమాటికీ అడిగితే విసుగు రాదా అంటే, వస్తుంది. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. రోజుకు పదిసార్లు అడిగితే కన్ను చదవకముందే వేలు 'అవును' నొక్కేస్తుంది. అప్పుడు కాపలా ఉన్నా లేనట్టే. 2009లో వచ్చిన విండోస్ 7లో ఈ ప్రశ్నలను మైక్రోసాఫ్టే తగ్గించింది. అయితే విసుగుకు మందు కాపలాను తీసేయడం కాదు, అది ఎందుకు అడుగుతోందో కనుక్కోవడం.

మా ల్యాబ్ సంగతే చూడండి. ఆ పాత ప్రోగ్రామ్ కొలతలను తాను ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లోనే దాచేది. అక్కడ రాయడానికి సాధారణ ఖాతాకు అనుమతి ఉండదు. అందుకే ప్రతిసారీ పెద్ద అధికారం కోరేది. తర్వాత వచ్చిన టెక్నీషియన్ కొలతలు దాచే చోటును మామూలు ఫోల్డర్‌కు మార్చారు. పాస్‌వర్డ్ అడగడం ఆగిపోయింది. పది నిమిషాల పని!

ఇంట్లోనైనా, ఆఫీసులోనైనా ఇదే పద్ధతి పాటించవచ్చు. మీరు ఏదీ మొదలుపెట్టకుండానే అనుమతి అడిగితే 'కాదు' అనండి. మీరే మొదలుపెట్టినా, ప్రోగ్రామ్ పేరు, తయారీదారు పేరు చదివాకే ఒప్పుకోండి. లైనక్స్ టెర్మినల్‌లో పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఏమీ కనిపించకపోవచ్చు. కీబోర్డు పాడైందని కంగారుపడొద్దు, టైపు చేసి ఎంటర్ నొక్కండి. 'సుడో' సాధారణంగా అడిగేది మీ సొంత పాస్‌వర్డే. విండోస్‌లో రోజువారీ ఖాతాను సాధారణ ఖాతాగా మార్చేముందు, మరో అడ్మినిస్ట్రేటర్ ఖాతా పనిచేస్తోందని, దాని పాస్‌వర్డ్ గుర్తుందని సరిచూసుకోండి. లేకపోతే అనుమతి ఇచ్చే ఖాతాయే మిగలదు, 'అవును' బటన్ నొక్కడానికీ వీలుండదు.

సంస్థల బాధ్యత ఇంకా పెద్దది. పాస్‌వర్డ్ ఉన్న ఉద్యోగి వారానికోసారి కనిపిస్తే, మిగతావాళ్లు దాన్ని గోడకు అతికించకుండా ఏంచేస్తారు? అవసరమైనవారికి అవసరమైనంత అనుమతి వెంటనే దొరికే ఏర్పాటు ఉండాలి. మా మానిటర్ మీది కాగితం మా బద్ధకానికి గుర్తే. అడిగితే పలికేవారు లేరనడానికి కూడా అదే గుర్తు.