కాళ్లు కుదిరిననే కొలత కుదురును

కళాశాలలకు పరికరములు కొనునప్పుడు వాని అద్దములను, అంకెలను, తయారీదారుని పేరును పరిశీలింతురు. అది నిలువవలసిన కాళ్లను గూర్చి అడుగువారు అరుదు. ఈ అలక్ష్యము తగదని మా అభిప్రాయము.

భూమి ఎత్తుపల్లములను కొలుచు లెవెల్ యంత్రమునే తీసికొందము. దాని మూడు కాళ్లను మీటరు ఎడముగా నిలిపి, బుడగను మధ్యకు తెచ్చిన పిదప, ఒక కాలు 1 మిల్లీమీటరు నేలలోనికి దిగినదనుకొందము. దానిని గమనింపనిచో 50 మీటర్ల దూరమున దృష్టిరేఖ 5 సెంటీమీటర్లకు మించి తప్పవచ్చును. ఆ కొలతను నమ్మి త్రవ్విన పంటకాలువలో నీరు పారకపోయిన నష్టము రైతుది. స్వల్పమైన వంపును తమంతట సరిచేసికొను యంత్రములు నేడున్నవి. కాని నేల క్రుంగుటను అవియు ఆపజాలవు.

ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలపైనను ఊగదు. ఏ మూడు బిందువులైనను ఒకే తలమున నుండుటయే అందుకు కారణము. అయితే ఊగకుండుట వేరు, క్రుంగకుండుట వేరు. 12 కిలోల బరువు సమముగా పంచుకొనిన ఒక్కొక్క కాలికి 4 కిలోలు వచ్చును. కాలి మొన వైశాల్యము 1 చదరపు సెంటీమీటరైనచో బరువంతయు ఆ చోటనే పడును. అడుగున 10 సెంటీమీటర్ల చతురస్రపు పలకనుంచిన ఒత్తిడి నూరవ వంతునకు తగ్గును.

మన జహీరాబాదు, మొగుడంపల్లి ప్రాంతమున ఎర్ర మొరము, నల్లరేగడి రెండును కలవు. రేగడి వానకు ఉబ్బును, ఎండకు నెర్రెలిచ్చును; తడి రేగడిలో కాళ్ల క్రింద వెడల్పు పలకలు కావలెను. గట్టి మొరములో ఇనుప మొనలను అదిమి దించవలెను. సిమెంటు నేలపై ఆ మొనలే జారును గనుక మూడు కాళ్లను గొలుసుతో బంధింపవలెను. వాలున రెండు కాళ్లు దిగువకు, ఒకటి ఎగువకు ఉంచుట క్షేమము.

ఇది పూర్వులెరిగిన విద్యయే. 1802లో మద్రాసు వద్ద కొలతలు ఆరంభించిన లాంబ్టన్, 1811లో గుత్తి వద్ద, 1815లో మనకు పొరుగుననున్న బీదరు ప్రాంతమున ఆధారరేఖలను కొలిపించెను. ఆయన వాడిన మహాయంత్రము దాదాపు అర టన్ను బరువు. అనంతరము 1830వ దశకమున ఎవరెస్టు, గంగామైదానమున గోపురములు కట్టించినప్పుడు, యంత్రము నిలుచు స్తంభమును పరిశీలకుడు నిలుచు వేదికకు తగులకుండ వేరుగా ఉంచెను. మనుష్యుని అడుగుల అదురు కొలతను చెరచునని ఆయన ఎరుగును.

కావున కాలేజీ కమిటీవారు పరికరములతోపాటు పలకలను, గొలుసులను, ఇనుప మొనలను గూడ కొనవలెనని కోరుచున్నాము. వీనికగు వ్యయము స్వల్పము. విద్యార్థులును ప్రయోగశాల గచ్చుపైననే గాక, వానవెలిసిన రేగడిలోను, మొరము గట్టుపైనను ఒకే కొలతను తీసి పోల్చిచూడవలెను. రేపు వారు కొలువబోవునది గచ్చును గాదు, పొలములను.