రాతిలోని సముద్రం చూపేదెవరు?

2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాకు సముద్రతీరం లేదు. కడలి చూడగోరే రుద్రవరం రైతు నెల్లూరు దాటి మైపాడు పోవలసిందే. అయితే ఒకప్పటి సముద్రం మన కాళ్ళ కిందే ఉన్నదన్న సంగతి చాలామంది ఎరుగరు. నల్లమల గట్టి ఇసుకరాళ్ళపై అక్కడక్కడా అలలు వేసిన మడతలు నేటికీ చెదరలేదు. అవి నూరు కోట్ల ఏళ్ళు పైబడిన గుర్తులు. కొలిమిగుండ్ల మండలంలో నీరు తొలిచిన బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవు. 2002లో సందర్శకులకు తెరిచారు. ఆ సున్నపురాయీ సముద్రం అడుగున పేరుకొన్నదే. మన అరుగులకు పరచిన నాపరాయి పుట్టుక సైతం అంతే!

తెల్లవారుజామున బయలుదేరితే ఉదయం ఎగువ అహోబిలం, మధ్యాహ్నం బెలుం చూసి రాత్రికి ఇల్లు చేరవచ్చు. దారి చూపేవారు స్థలపురాణం చెప్పడం మంచిదే. రాతి కథ కూడా వారి నోట రావాలి. నాలుగు గుహలు చూసి, ఫొటోలు దిగి వచ్చిన బడిపిల్లవాడికి మిగిలేదేమిటి?

ఉగ్రస్తంభం ఎక్కడం ఆషామాషీ కాదు. అడవి ఎరిగిన చెంచు యువకులకు అటవీ, పర్యాటక శాఖలు శిక్షణ ఇచ్చి, వారి కూలిని ముందే నిర్ణయించి బోర్డుపై రాయించాలి. ఆళ్లగడ్డ డిపో సెలవుదినాల్లో రుద్రవరం మీదుగా ఒక బస్సు వేయాలి. కార్తీకంలో జనం ఎలాగూ కదులుతారు. తొలి బస్సు అప్పుడే నడపవచ్చు. వానాకాలం మాత్రం వద్దు, భవనాశి పొంగుతుంది.